పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు మారథాన్ ట్రైనింగ్ ఆపేయాలా?

మీరు అడిగింది ఇదీ: వయసు 33. ఎనిమిది నెలలుగా ప్రయత్నిస్తున్నారు. పీరియడ్స్ నెలనెలా వస్తున్నాయి. వారానికి 50 కిలోమీటర్ల పైనే పరుగెత్తుతున్నారు, ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్‌కి పేరిచ్చారు. "అంతంత దూరాలు పరుగెడితే గర్భసంచి జారిపోతుంది" అని అత్తయ్యగారు అంటున్నారు. డాక్టర్ గారేమో రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు. మరి పరుగు మానాలా, వద్దా?

నేనూ ముప్ఫై దాటాక, ఫుల్ మారథాన్ ట్రైనింగ్ మధ్యలో ఉండగానే, పిల్లల కోసం ప్రయత్నించాను. ఇప్పుడు మాకొక పాప. నా సమాధానం ముందే చెప్పేస్తాను: పరుగు మానక్కర్లేదు. కానీ మీ ప్రశ్న చివర్లో "బరువు పెరగకుండా రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెడుతున్నాను" అని రాశారు చూడండి, నేను అక్కడ ఆగిపోయాను. మీరు ముందుగా చూసుకోవాల్సింది ఆ రాత్రి భోజనం.

అత్తయ్యగారి భయం సంగతి మొదట తేల్చేద్దాం. గర్భసంచి జారడం అనే సమస్య నిజంగానే ఉంది, ఆవిడ తరంలో చాలామంది ఊళ్ళో కళ్ళారా చూసి ఉంటారు. అయితే అది ఎక్కువగా కాన్పులయ్యి, కటి భాగంలో కండరాలు వదులైనవాళ్ళలో, వయసు మీద పడ్డాక వచ్చేది. ఇంకా కాన్పే కాని మీకు పరుగు వల్ల గర్భసంచి జారిపోదు. అలాగే "కలిసిన తర్వాత పరుగెడితే నిలవదు" అనే మాట కూడా నిజం కాదు. అండం విడుదలయ్యాక ఫలదీకరణం ట్యూబులో జరుగుతుంది. పిండం ఎక్కువమందిలో, అండం విడుదలైన ఎనిమిదో రోజుకీ పదో రోజుకీ మధ్య, గర్భసంచి లోపలి పొరలోకి దిగి అతుక్కుంటుంది. మనం వేసే అడుగుల అదురుకి ఊడి పడేది కాదు. బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ కడుపుతో ఉన్నప్పుడూ పరుగు ఆపలేదు. 2007 జనవరిలో ఆమెకు పాప పుట్టింది, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది.

ఇక అసలు విషయం. మన మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడి నుంచి వచ్చే సంకేతాల మీదే ఎల్‌హెచ్ హార్మోన్ విడతలు విడతలుగా విడుదలవుతుంది, దాని మీద అండం విడుదల ఆధారపడుతుంది. తిన్నదానికీ పరుగులో ఖర్చయినదానికీ పొంతన లేకపోతే ఆ సంకేతాలు నెమ్మదిస్తాయి. జీతం సగం వచ్చిన నెలలో బియ్యం, కరెంటు బిల్లు కట్టుకుని కొత్త బట్టలు వాయిదా వేసుకుంటాం కదా, ఒళ్ళు కూడా గుండెనీ మెదడునీ చూసుకుని గర్భం సంగతి వాయిదా వేస్తుంది.

దీనికి ఒక లెక్క ఉంది. ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న యువతులకి ఐదు రోజుల పాటు కొలిచి తిండి పెట్టి, కొలిచి వ్యాయామం చేయించారు. వ్యాయామం ఖర్చు పోగా మిగిలిన శక్తి, కొవ్వు తీసేసిన ఒంటి బరువులో కిలోకి రోజుకి 30 కేలరీల కంటే తగ్గినప్పుడు ఎల్‌హెచ్ లయ దెబ్బతింది. ఐదు రోజులే! 45 దగ్గర ఉంటే హాయిగా ఉన్నట్టు. 30 అనేది అందరికీ ఒకేచోట గీసిన గీత కాదని, మనిషిని బట్టి మారుతుందని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి. అయినా మనకొక అందాజాకి అది చాలు.

మీరు 54 కిలోలు అనుకుందాం. కొవ్వు తీసేస్తే సుమారు 41 కిలోలు. ఆదివారం 16 కిలోమీటర్ల లాంగ్ రన్‌కి, కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ చొప్పున, 860 దాకా ఖర్చవుతుంది. ఆ రోజు మీరు 1900 కేలరీలు తిన్నారనుకోండి. ఒళ్ళు నడవడానికి మిగిలింది 1040, అంటే కిలోకి 25. పరుగు లేని రోజున అదే 1900 తింటే కిలోకి 46 వస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. మీరు సన్నగా కనిపించకపోవచ్చు, నీరసం కూడా ఉండకపోవచ్చు. అయినా లాంగ్ రన్ రోజుల్లో లోటు పడుతూనే ఉంటుంది. అన్నం మానేసిన రాత్రి అక్కడ బాగా తెలుస్తుంది.

డెన్మార్క్‌లో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 3,628 మంది ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి ఐదు గంటలకి పైగా గట్టి వ్యాయామం చేసేవాళ్ళకి, అసలు చేయనివాళ్ళతో పోలిస్తే, ఒక్కో నెలలో గర్భం వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు తగ్గింది. కానీ బరువు ఎక్కువ ఉన్నవాళ్ళలో ఈ తగ్గుదల కనిపించలేదు. నడక లాంటి మోస్తరు వ్యాయామం చేసేవాళ్ళకైతే బరువుతో సంబంధం లేకుండా గర్భం కాస్త తొందరగానే వచ్చింది. అవకాశం తగ్గడం అంటే అవకాశం లేకపోవడం కాదు, అది గుర్తుంచుకోండి. మీరు వారానికి 50 కిలోమీటర్లంటే, పేస్‌ని బట్టి, ఆ ఐదు గంటల దగ్గరే ఉన్నారు.

ఇప్పుడు నా సంగతి. నాకూ మీలాగే పీరియడ్స్ నెలనెలా వచ్చేవి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు, అండాల నిల్వ చెప్పే ఏఎమ్‌హెచ్ అన్నీ బాగానే ఉన్నాయి. మొదట చూసిన డాక్టర్ "వాకింగ్ చేసుకో అమ్మా, చాలు" అన్నారు. రెండో ఆవిడ వేరేలా అడిగారు: అండం ఏ రోజున విడుదలవుతోంది, ఆ తర్వాత పీరియడ్ ఎన్ని రోజులకి వస్తోంది? అండం పెరుగుదలని స్కాన్‌లతో చూసే ఫాలిక్యులర్ స్టడీలో అండం విడుదల అవుతోందని తెలిసింది. కానీ ఆ తర్వాత పది రోజులు కూడా నిండకుండానే పీరియడ్ వచ్చేసేది, దానికి ముందు రెండు రోజులు స్పాటింగ్. నెల రెండో సగం, అంటే అండం విడుదల నుంచి పీరియడ్ దాకా ఉండే రోజులు, అంత పొట్టిగా ఉంటే, పిండం అతుక్కునే వేళకే లోపలి పొర రాలిపోవడం మొదలవుతుందని ఆవిడ చెప్పారు. రన్నర్లలో పీరియడ్ ఆగిపోవడం చివరి దశ, దానికి చాలా ముందే వచ్చే మార్పు ఇదని కూడా చెప్పారు. పీరియడ్ వస్తోంది కాబట్టి అంతా బాగుందనుకోవడానికి లేదు. మీరు పట్టుకోవాల్సిన తీగ ఇదే.

అందుకని ఈ నెల నుంచే ఆ రోజులు లెక్కపెట్టండి. మందుల షాపులో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్ రెండు గీతలూ ముదురుగా చూపిస్తే, ఆ తర్వాత ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. లాంగ్ రన్ అయ్యాక లీటర్ల కొద్దీ నీళ్ళు తాగి స్ట్రిప్ పెడితే గీత పలచగా వస్తుంది, నమ్మకండి. అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి ఉదయం టెంపరేచర్ చూసుకునేవాళ్ళకి ఇంకో తిరకాసు: రోజూ ఆరింటికి లేచి, ఆదివారం రన్ కోసం నాలుగింటికే లేస్తే ఆ రోజు రీడింగ్ పనికిరాదు. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టరాన్ రక్తపరీక్ష అందరికీ 21వ రోజున రాసేస్తారు. అది 28 రోజుల సైకిల్‌కి సరిపోతుంది. మీకు ఓవ్యులేషన్ ఆలస్యంగా అవుతుంటే, అది అయిన వారం తర్వాత చేయించండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "వ్యాయామం చేస్తాను" అనకండి. వారానికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఏం తింటున్నారు, అన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. అడగకపోయినా చూపించండి.

నేను మార్చినవి ఇవీ. ఫుల్ మారథాన్ ప్లాన్ పక్కన పెట్టాను. వేగంగా పరుగెత్తే ఇంటర్వల్స్, టెంపో రన్స్ ఆపేసి, మాట్లాడుతూ పరుగెత్తగలిగే పేస్‌లో వారానికి మూడు రన్స్ ఉంచుకున్నాను. లాంగ్ రన్ పది కిలోమీటర్లకి కుదించాను. పరగడుపున పరుగెత్తడం పూర్తిగా మానేశాను, బయల్దేరే ముందు అరటిపండో రెండు ఖర్జూరాలో తినేదాన్ని. రాగానే స్నానానికి పోకుండా ముందు తినేదాన్ని: గుడ్లు, పల్లీ చట్నీతో ఇడ్లీ, లేదా పాలు పోసిన రాగి జావ. రాత్రి అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు తిరిగి వచ్చాయి. మా అమ్మ సున్నుండలు చేసి పంపేది. బరువు కాస్త పెరిగింది, పేస్ తగ్గింది. నెలలు గడిచే కొద్దీ ఆ రెండో సగం పొడుగైంది, స్పాటింగ్ ఆగింది. ఆ తర్వాత కూడా వెంటనే ఏమీ జరగలేదు, ఇంకొన్ని నెలలు పట్టింది. ఈ మార్పుల వల్లే పాప పుట్టిందని నేను చెప్పలేను. ఆ రెండో సగం సరికావడం మాత్రం నా డైరీలో కళ్ళెదుట కనిపించింది.

అయితే ఇది అందరికీ వర్తించే సలహా కాదు. ఇది చదివేవాళ్ళలో పీసీఓడీ ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. పీసీఓడీతో పాటు బరువు కూడా ఎక్కువ ఉంటే, అందులో ఐదు నుంచి పది శాతం తగ్గినా అండం విడుదల తిరిగి గాడిన పడే అవకాశం ఉంది. వాళ్ళకి పరుగు మందులాంటిది. నన్ను చూసి వాళ్ళు పరుగు తగ్గించకూడదు.

పరుగెత్తేవాళ్ళం అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. లాంగ్ రన్ తర్వాత మోకాలి నొప్పికో పిక్కల నొప్పికో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసేసుకుంటాం. అండం బయటికి రావాలంటే అది పెరిగే చిన్న సంచి, ఫాలికల్, పగలాలి, ఈ మాత్రలు దానికి అడ్డుపడగలవు. ఓవ్యులేషన్ దగ్గర పడిన రోజుల్లో వీటి జోలికి పోవద్దు, నొప్పి ఉంటే ఏం వాడాలో డాక్టర్‌ని అడగండి. ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఫోలిక్ యాసిడ్, రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి.

మీవారి పరీక్ష అయిందా? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు, అందుకే గట్టిగా అడుగుతున్నాను. పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. సీమెన్ పరీక్షకి ఖర్చు తక్కువ, సూది పోటు కూడా లేదు. అయినా మన ఇళ్ళల్లో భార్య నాలుగు ఆస్పత్రులు తిరిగాక గానీ భర్త ల్యాబ్ మెట్లెక్కడు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. ఆయన కూడా మీతో పరుగెత్తేవారైతే, చెమటతో తడిసిన బిగుతు షార్ట్స్‌లోనే గంటల తరబడి కూర్చోవద్దని చెప్పండి. ఇప్పుడు మార్చుకున్న అలవాటు ఫలితం కనిపించడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, వీర్యకణాలు తయారయ్యే కాలం అంత.

మనసు సంగతి కూడా రాయాలి. పెళ్ళికెళ్ళినా, సీమంతానికెళ్ళినా "ఏమైనా విశేషమా?" అని అడిగేవాళ్ళే. ఆ రోజుల్లో తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తే గంటే నాకు టెన్షన్ లేని గంట. దాన్ని కూడా లాగేసుకుంటే మీరేమవుతారో మీకే తెలుసు. అందుకే "అంతా మానెయ్" అనే సలహా నాకు నచ్చదు. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. "పరుగు తగ్గించాను అత్తయ్యా, తిండి పెంచాను" అని చెప్పి, రాత్రి ఆవిడ పక్కనే కూర్చుని అన్నం తినండి. మా అత్తయ్య దారికొచ్చింది నా మాటలతో కాదు, నేను రెండోసారి వడ్డించుకోవడం చూసి.

ఆగస్టు రేసు విషయానికొస్తే, నేనైతే ఈసారి ఫుల్ వద్దంటాను. ఆగస్టు ఫుల్‌కి తయారవ్వాలంటే ముప్ఫై కిలోమీటర్ల లాంగ్ రన్స్ మే, జూన్ ఎండల నుంచే మొదలవ్వాలి. గర్భం వచ్చిన మొదటి వారాల్లో ఒంటి వేడి 39 డిగ్రీలు దాటి చాలాసేపు ఉండటం పిండానికి మంచిది కాదు. ఆ వారాల్లో గర్భం వచ్చినట్టు మీకు తెలియకపోవచ్చు కూడా. నిర్వాహకులు ఒప్పుకుంటే హాఫ్‌కో పది కిలోమీటర్లకో మార్చుకోండి, ట్రైనింగ్ రన్స్ ఎండ ఎక్కకముందే ముగించండి. ఆ రెండో సగం పన్నెండు, పద్నాలుగు రోజులు వస్తుంటే, తిండి సరిగా ఉంటే, తేలిక రన్స్ తగ్గించాల్సిన పని లేదు.

35 లోపు వాళ్ళు ఏడాది చూడమంటారు, 35 నిండితే ఆరు నెలలు. మీ రెండో సగం పది రోజుల లోపే ఉంటే, లేదా పీరియడ్ మూడు నెలలు రాకపోతే, ఆ గడువు కోసం ఆగొద్దు. తర్వాత ఎప్పుడైనా ఐవీఎఫ్ దాకా వెళ్ళాల్సి వస్తే, ఇంజెక్షన్లు నడిచే రోజుల్లో పరుగు పూర్తిగా ఆపాలి. అప్పుడు అండాశయాలు ఉబ్బి ఉంటాయి, మెలి తిరిగే ప్రమాదం ఉంది. ఇప్పుడు మీరున్నది ఆ దశలో కాదు. ఈ నెల స్ట్రిప్స్ పెట్టి చూసి, ఆ రోజుల లెక్క ఎంత వచ్చిందో ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.