వరుస గెలుపుల జాకీ: ఊపు ఎంత, గుర్రం ఎంత?

వరుసగా గెలుస్తున్న జాకీకి ఊపు ఎంత కలిసొస్తుందో ఎలా లెక్కకట్టాలని అడిగారు. ముందు గుర్రాలను చూడండి. గెలిచే జాకీని ట్రైనర్లు పిలిచి మరీ మంచి గుర్రాలు ఎక్కిస్తారు. ఆ మేలును ఊపు ఖాతాలో వేయకూడదు.

ధరతోనూ జాగ్రత్త. ధర అంటే పందెం కాసిన రూపాయికి గెలిస్తే వచ్చే లాభం; అది ఎంత తక్కువైతే గెలుపు అవకాశం అంత ఎక్కువని లెక్క. 1996 సెప్టెంబర్ 28న ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ రేస్‌కోర్సులో జాకీ ఫ్రాంకీ డెట్టోరీ ఏడుకు ఏడు పందేలూ గెలిచాడు. ఆరో గెలుపు దాటేసరికి చివరి గుర్రం ఫుజియామా క్రెస్ట్ ధర ఉదయపు 12-1 (రూపాయికి పన్నెండు) నుంచి 2-1కి పడిపోయింది. గుర్రం అదే, వీపున ఉన్న బరువూ అదే. మారింది జనం నమ్మకం, పందేలు కట్టించుకునే బుక్‌మేకర్ల భయం! ఆ గుర్రం గెలిచింది మెడ పొడవు తేడాతోనే.

కాబట్టి ఫలితాలను ఉదయపు ధరతోనే పోల్చండి. ఆ ధర సూచించిన దానికంటే గెలుపులు ఎక్కువుంటేనే ఊపు గురించి మాట్లాడవచ్చు. అయితే ఫుజియామా క్రెస్ట్‌ను మొదటి నుంచీ ముందుంచి నడిపిన డెట్టోరీ తెగువను మాత్రం నేను కొట్టిపారేయలేను.