పోకెమాన్ గో లాంటి ఆటలను జనం ఏళ్ల తరబడి ఎందుకు వదలరు?

నన్నడిగితే, తోటి మనుషుల కోసం. 2016లో వచ్చిన పోకెమాన్ గోనే తీసుకోండి, బయట నడుస్తూ ఫోన్‌లో పోకెమాన్ అనే జీవులను పట్టే ఆట అది. అందులో బలమైన రెయిడ్ బాస్‌ను, అంటే కలిసి పోరాడి ఓడించే పెద్ద పోకెమాన్‌ను, ఒక్కరే ఓడించడం చాలా కష్టం, తోడు నలుగురుండాలి. 2018 జనవరిలో మొదలైన కమ్యూనిటీ డే అనే ప్రత్యేక ఈవెంట్ నెలనెలా కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి అందరూ ఒకే వేళకి బయటికొస్తారు. బెంగళూరు మారతహళ్లిలో గదికీ ఆఫీసుకీ మధ్యే తిరిగే మేం నలుగురు తెలుగువాళ్లం కబ్బన్ పార్కులో అలాగే కలిశాం. ‘మీదే ఊరండీ?’తో మొదలైన స్నేహం ఇప్పటికీ ఉంది.

రోజువారీ బహుమతులూ లాగుతాయి గానీ, వాటి మీద మోజు త్వరగానే తీరిపోతుంది. నడక అలా కాదు. ఆటలో దొరికే గుడ్డు పొదిగి పోకెమాన్ బయటికి రావాలంటే, రకాన్ని బట్టి 2, 5, 10 ఇలా కొన్ని కిలోమీటర్లు నడవాలి. ఇంకో అర కిలోమీటరే మిగిలిందంటే ఇంటికి వెళ్లబుద్ధి కాదు, లాల్‌బాగ్‌లో మరో చుట్టు తిరగాల్సిందే.