ఎఫ్ఎంఆర్ఐ, ఎఫ్‌నిర్స్: తేడా ఎక్కడ?

మెదడు పనిని ఎఫ్ఎంఆర్ఐ అయస్కాంత స్కానర్‌తో, ఎఫ్‌నిర్స్ కాంతితో చూసే పద్ధతులు. రెండూ మెదడు రక్తంలో ఆక్సిజన్‌నే చూస్తాయి కదా, మరి రెండెందుకు? మారతహళ్లి పీజీలో మా రూమ్మేట్ కూడా ఇదే అడిగాడు. కరెంటు పోయి ఉంది, ఫోన్ టార్చి మీద వేలు పెట్టమన్నాను. వేలు ఎర్రగా వెలిగింది. ఎఫ్‌నిర్స్ ఇంచుమించు అదే. టోపీలోంచి 700–900 నానోమీటర్ల కాంతిని తలలోకి పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేనిది విడివిడిగా తెలుస్తాయి. కాకపోతే చూపు మెదడు పై పొర దాటదు.

ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది. 1990లో జపాన్ శాస్త్రవేత్త ఒగావా బృందం చూపించింది ఇదే, ఎఫ్ఎంఆర్ఐకి ఇదే ఆధారం. లోతైన భాగాలు కూడా మిల్లీమీటర్ల స్థాయిలో కనిపిస్తాయి. కానీ ఆ స్కానర్ చప్పుడులో కదలకుండా పడుకోవాలి. మూడేళ్ల పిల్లతో అయ్యే పనేనా? అక్కడ టోపీయే నయం. మెదడు పనికి రక్తం స్పందించేది నెమ్మదిగా, రెండింటిలోనూ సిగ్నల్ 5–6 సెకన్లు ఆలస్యమే.