తెర అవతల మౌనంగా ఉన్న పిల్ల కోసం

చి. అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నుంచి రెండో తరగతి పిల్లలు ఇరవై ఐదు మందికి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పాఠం చెప్పడం నీకు వచ్చు, నా బెంగ దాని గురించి కాదు. తరగతి గదిలో మూల కూర్చున్న పిల్ల నోరు విప్పకపోయినా కంటికి ఆనుతూనే ఉంటుంది. తెర మీద అలా కాదు. ఒక రోజు కెమెరా ఆగిపోతుంది, మర్నాడు పేరే కనిపించదు, వారం తిరిగేసరికి ఆ పిల్ల రావడం లేదన్న సంగతే మనకు తట్టదు. ఈ ఉత్తరమంతా ఆ పిల్ల కోసం రాస్తున్నాననుకో.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. వెలుతురు నీ ముఖం మీద పడాలి, కిటికీ నీ వెనక ఉండకూడదు. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ వాడు. రోజూ ఒకటే లింకు, ఒకటే టైము. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకు ఆగిపోతుంది కనుక దాని లోపే ముగించుకో. నువ్వు రానిస్తేనే ఎవరైనా లోపలికి వచ్చేలా వెయిటింగ్ రూమ్ పెట్టు, స్క్రీన్ షేర్ నీ చేతిలోనే ఉంచుకో. రెండో ఫోనుతో కూడా చేరు. ఆ ఫోన్నే పుస్తకాల దొంతర అంచున కెమెరా కిందికి చూసేలా పెట్టి, పైన బరువు పెడితే నువ్వు కాగితం మీద రాసేది పిల్లలకు కనిపిస్తుంది. రెండో ఫోనులో మైకూ స్పీకరూ రెండూ ఆపెయ్యి, లేకపోతే కీచుమని చెవులు చిల్లులు పడతాయి. రాయడానికి లావు మార్కరు తీసుకో. బాల్‌పెన్ను గీత చిన్న ఫోనులో కనిపించదు.

ఇరవై ఐదు మందినీ ఒకేసారి కూర్చోబెట్టకు. అయిదుగురు చొప్పున అయిదు జట్లు చెయ్యి, ఒక్కో జట్టుకు ఇరవై నిమిషాలు. మొత్తం వంద నిమిషాలే. అందరినీ కలిపి గంట చెబితే ఒక్కో పిల్లకు దక్కేది రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, ఇలా అయితే నాలుగు నిమిషాలు. అందరూ కలిసే తరగతి వారానికి ఒకటి చాలు, అది కథకో ఆటకో ఉంచు.

ఆ ఇరవై నిమిషాల్లో కూడా ప్రతి నాలుగు నిమిషాలకోసారి పిల్లల చేతులు కదలాలి. ఏడేళ్ల పిల్లకు చాట్‌లో టైపు చేయడం రాదు, అందుకని జవాబులు పలక మీదే. ‘రాయండి, గుండెకు ఆనించుకోండి, ఒకటి, రెండు, మూడు, చూపించండి’ అను. అందరూ ఒక్కసారే చూపిస్తే పక్కవాళ్లది చూసి రాయడం ఉండదు, ఎవరికి రాలేదో ఒక్క చూపులో నీకు తెలుస్తుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పిల్లలకు తమ బొమ్మ తెర మీద అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది. నీకు సరిగ్గానే కనిపిస్తుంది కానీ పాపం వాళ్లు అక్షరం తప్పు రాశామనుకుని చెరిపేసి, మళ్లీ తిప్పి రాస్తారు. మొదటి రోజే పలక పట్టించి ‘మీకు తిరగబడి కనిపించినా నాకు బాగానే కనిపిస్తోంది’ అని చెప్పు.

అందరి చేతా కలిసి చదివించాలని ఆశపడకు. ఒక్కో ఇంటి నుంచి గొంతు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. పైగా ఆ సాఫ్ట్‌వేర్ గట్టిగా మాట్లాడిన వాళ్ల గొంతే పట్టుకుని మిగతావి అణిచేస్తుంది. మెల్లగా మాట్లాడే పిల్ల అక్కడే మునిగిపోతుంది. ఒకరి మైకు తెరిచి చదివించు, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి గొంతు కలుపుతారు. తర్వాతి వాక్యానికి ఇంకొకరు.

ప్రశ్న వేశాక ఆగడం నేర్చుకో. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతులు గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. అది ఎదురెదురుగా కూర్చున్న తరగతి లెక్క. తెర మీద మాట చేరడానికి కొంత, మైకు బటన్ వెతుక్కోవడానికి ఇంకొంత పడుతుంది. ఎనిమిది దాకా లెక్కపెట్టు. ‘తర్వాత నిన్నడుగుతాను, మైకు తెరిచి ఉంచుకో నాన్నా’ అని ముందుగా చెప్పు. హఠాత్తుగా పేరు పిలిస్తే బిగుసుకుపోయే పిల్ల ప్రతి జట్టులోనూ ఒకరుంటారు.

కెమెరా ఆపిన పిల్లను ‘ముఖం చూపించు’ అని వేధించకు. జూమ్‌లో మాటకు సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు, కాస్త మంచి వీడియోకు 600 కావాలి. గంటకు లెక్కేస్తే ఒకటి 36 ఎంబీ దాకా, ఇంకోటి 270 ఎంబీ. డేటా అయిపోతుందని ఆపి ఉండొచ్చు. వెనక గోడ చూపించడం ఇష్టం లేకపోవచ్చు, పక్కనే ఎవరైనా నిద్రపోతుండొచ్చు. గొంతు వినిపిస్తే, పలక ఒక్క క్షణం చూపిస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. 2020లో లోకమంతా బళ్లు మూతపడి నూట యాభై కోట్లకు పైగా పిల్లలు ఇళ్లలో ఉండిపోయినప్పుడు ఉపాధ్యాయులు చాలామంది, మంచివాళ్లూ కష్టపడేవాళ్లూ కూడా, ఒకే తప్పు చేశారు. నువ్వూ మొదటి వారంలోనే చెయ్యబోతావు, ఎందుకంటే చేసేటప్పుడు అది తప్పులా కనిపించదు. సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో జాబితా పెట్టడం. హోంవర్క్ పంపినవాళ్ల పేర్ల పక్కన పచ్చ టిక్కు, పంపని వాళ్ల పక్కన ఎర్ర గుర్తు.

ఏం జరుగుతుందో రోజు రోజుకీ చెబుతాను. మొదటి రోజు పద్దెనిమిది పచ్చవి, ఏడు ఎర్రవి. మర్నాడు ఇరవై రెండు పచ్చవి. పద్ధతి పనిచేసిందని సంబరపడతావు. అక్కడే మోసపోతాం. కొత్తగా వచ్చిన ఆ నాలుగింట్లో కనీసం రెండు అమ్మో అక్కో రాసినవై ఉంటాయి. ఎలా తెలుస్తుందంటే కొట్టివేత ఒక్కటీ ఉండదు, చెరిపిన మరక ఉండదు, అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, ఫోటో రాత్రి పదిన్నరకు వస్తుంది. పిల్ల చేసిన లెక్కలో తప్పు ఉంటే దాన్ని బట్టి రేపు ఏం చెప్పాలో నీకు తెలిసేది. ఇప్పుడు తప్పే లేదు కనుక ఏమీ తెలియదు. పదిహేను రోజులకు పిల్లకు కూడిక రాలేదని బయటపడేసరికి నువ్వు తీసివేతలు దాటి వెళ్లిపోయి ఉంటావు.

మిగిలిన మూడు ఎర్ర గుర్తుల సంగతి ఇంకా బాధ. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకూ కలిపి ఒక్కటే ఫోను, అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వస్తుంది. ఒక ఇంట్లో తల్లికి చదవడం రాదు, నువ్వు పెట్టిన నాలుగు పేరాలు ఆమెకు ఉట్టి గీతలు. మూడో ఇంట్లో ఏదో కష్టం. వాళ్లు మొదటి రోజు సంజాయిషీ పెడతారు. రెండో రోజు మౌనం. మూడో రోజు గ్రూపును మ్యూట్ చేస్తారు. నలుగురి ముందు తలవంచుకోవడం కంటే చూడకుండా ఉండడం తేలిక కదమ్మా. ఆ తర్వాత నువ్వు టైము మారిందని పెట్టినా, ‘పాప బాగా చదువుతోంది’ అని పెట్టినా వాళ్లకు చేరదు. వచ్చేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు, నీ అవసరం ఉన్న ఆ ముగ్గురే పోతారు. జాబితా రోజురోజుకూ పచ్చబడుతూ ఉంటుంది, ఎందుకంటే ఎర్ర గుర్తు పెట్టాల్సిన వాళ్లు ఇక లేరు.

కాబట్టి గ్రూపులో ఏ పిల్ల పేరూ రాయకు. పొగడ్తకు కూడా. ఒకరిని పొగిడితే మిగిలిన ఇరవై నాలుగు ఇళ్లలో పోలిక మొదలవుతుంది. గ్రూపును అడ్మిన్ మాత్రమే రాసేలా మార్చి, రోజుకు ఒక్క సందేశం పెట్టు. ఇవాళ ఏం చేయాలి, ఎంతసేపు, ఏం పంపాలి, మూడే వాక్యాలు. అదే నీ గొంతుతో అర నిమిషం రికార్డు చేసి పక్కన పెట్టు, చదవలేని తల్లి వింటుంది. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడదామనుకుంటే ఒక మెలిక ఉంది: నీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్న వాళ్లకే ఆ సందేశం వెళుతుంది. సేవ్ చేసుకోని వాళ్లకు చేరలేదని నీకూ తెలియదు.

నీ హాజరు లెక్క ఒక నోటుపుస్తకంలో ఉంచుకో. పేరు పక్కన మూడు గళ్లు: వచ్చిందా, మాట్లాడిందా, పని పంపిందా. వరసగా రెండు రోజులు మొదటి గడి ఖాళీగా ఉంటే ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, వారం ఆగకు. ‘ఎందుకు రాలేదు’ అనకు. ‘పాప కనిపించకపోతే బెంగగా ఉంది. మీ ఇంట్లో ఫోను ఏ టైముకు ఖాళీగా ఉంటుంది?’ అని అడుగు. రాత్రి ఎనిమిదింటికి అంటే, పాఠం నాలుగు నిమిషాల వాయిస్ మెసేజిలా పంపించు, జవాబు కూడా గొంతుతోనే చెప్పమను. గడి నిండినట్టే.

అసలు నువ్వు అలా కాల్ చేయడానికి ముందే ఇంకో కాల్ వెళ్లి ఉండాలి. మొదటి వారంలో ప్రతి ఇంటికీ ఒక మంచి మాట చెప్పడానికి కాల్ చెయ్యి. రోజుకు అయిదు ఇళ్లు, ఒక్కోటి అయిదు నిమిషాలు, అయిదు రోజుల్లో అయిపోతుంది. ‘బాగా చదువుతున్నాడు’ వంటి ఉత్త మాట వద్దు. ‘పది నుంచి వెనక్కి ఎక్కడా ఆగకుండా లెక్కపెట్టాడండీ’ అని చూసినదే చెప్పు. టీచర్ నంబరు కనిపించగానే ఫిర్యాదేమోనని గుండె దడదడలాడే తల్లి, రెండోసారి ధైర్యంగా ఎత్తుతుంది.

తల్లిదండ్రులను టీచర్లుగా మార్చెయ్యకు. వాళ్లు వినేవాళ్లుగా ఉంటే చాలు. పది పదిహేను నిమిషాల పని ఒక్కటే ఇవ్వు, ప్రింటు తీయాల్సిన పని అసలే వద్దు. బల్ల ఎన్ని జానలుందో కొలవడం, ఇంట్లో స్పూన్లను పదేసి కట్టలు కట్టి లెక్కపెట్టడం, మడత పెట్టే బట్టలను రంగుల వారీగా వేరు చేయడం. తర్వాత పిల్ల అమ్మకు చెప్పాలి, అమ్మ వినాలి. చదివేటప్పుడు ఎక్కడైనా ఆగితే అయిదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే ఆ మాట అందించమను. ‘నిన్ననే చెప్పానుగా’ అనొద్దని నువ్వు వాళ్లకు సున్నితంగా చెప్పాలి. పిల్ల రాసినది తప్పులతోనే పంపమని కూడా చెప్పు. ‘తప్పు చూస్తేనే నాకు రేపటి పాఠం దొరుకుతుందండీ’ అంటే అర్థం చేసుకుంటారు.

పంపిన పనికి మర్నాటిలోగా పిల్ల పేరు పెట్టి ఇరవై సెకన్ల వాయిస్ మెసేజి పంపు. నువ్వు గమనించినది ఒకటి, తర్వాత చేయాల్సింది ఒకటి, అంతే. బొటనవేలి గుర్తు పెట్టి వదిలెయ్యకు. ఇరవై ఐదు మందికీ కలిపి నలభై నిమిషాలు పడుతుంది. నీకు ఓపిక లేని రోజున పాఠం కుదించు కానీ ఇది మాత్రం మానకు.

ఇంకో భయం, కోప్పడుతున్నాననుకోకు. పిల్లతో ఒంటరిగా వీడియో కాల్ వద్దు, ఇంట్లో పెద్దవాళ్లు అదే గదిలో ఉండాలి. పిల్లల ముఖాలున్న స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకు, నీ స్టేటస్‌లో అసలే పెట్టకు. రికార్డింగు అవసరమైతే తల్లిదండ్రులను అడిగి, నీ గొంతూ కాగితమూ మాత్రమే రికార్డు చెయ్యి.

నీ సంగతి కూడా చూసుకో తల్లీ. మైకుంది కనుక అరవక్కర్లేదు, గొంతు సగానికి తగ్గించు. తెరలో నీ ముఖం నీకు కనిపించకుండా సెల్ఫ్ వ్యూ దాచెయ్యి, రోజంతా తన ముఖం తానే చూసుకుంటూ మాట్లాడడం మనిషిని అలిసిపోయేలా చేస్తుంది. జట్టుకూ జట్టుకూ మధ్య అయిదు నిమిషాలు లేచి నడువు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత సందేశాలకు జవాబివ్వనని మొదటి రోజే అందరికీ మర్యాదగా చెప్పు.

మొదటి పది రోజులయ్యాక ఆ నోటుపుస్తకం పేజీ నాకు చూపించు. పంపిన వాళ్ల లెక్క నాకక్కర్లేదు. రెండో గడి, అదే ‘మాట్లాడిందా’ అన్న గడి, పది రోజులూ ఖాళీగా ఉన్నది ఎవరికో వాళ్ల గురించి చెప్పు. ఒక్కొక్కరి గురించీ ఇద్దరం ఆలోచిద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ