బస్సు డ్రైవర్లకు రోడ్డు సైన్లు తెలియవా, తెలిసీ పట్టించుకోరా?

లైసెన్సు పరీక్ష పాసైనవాళ్లే కదా, మరి బస్సు డ్రైవర్లు సైన్‌బోర్డులను ఎందుకు లెక్కచేయరని అడిగారు. బోర్డు పేరు అడిగితే చాలామంది ఠక్కున చెప్తారు. అది కనపడగానే కాలు ఎక్కడ ఉండాలి, బండి ఏ గేరులో ఉండాలి అని అడిగితేనే తడబడతారు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్షలో 60 శాతం జవాబులు సరిపోతే చాలు. సైన్లు కొన్ని తప్పినా గట్టెక్కవచ్చు.

ఎర్ర అంచు గుండ్రటి బోర్డు నిషేధం, త్రికోణం హెచ్చరిక. ఇంతవరకు ఇబ్బంది లేదు. తికమకంతా నీలం మీద ఎర్ర గీతలున్న బోర్డులతోనే. ఒక్క అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు అడ్డంగా కోసుకుంటే అసలు ఆగనే వద్దు, ప్రయాణికుల్ని దించడానికి కూడా. చౌరస్తాల దగ్గర బస్సులు, ఆటోలు ఎక్కువగా తప్పేది దీన్నే. "పార్క్ చేయలేదు కదా, దించి వెళ్తున్నా" అంటారు.

ఘాట్‌లో దిగుడు బోర్డును పట్టించుకోకపోతే ఇంకా ప్రమాదం. దిగడం మొదలుకాకముందే గేరు తగ్గించాలి, సగం దిగాక కాదు. న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం ఇప్పటికీ గట్టిగా ఉంది. నిజానికి గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు దాదాపు డీజిల్ తీసుకోవు. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికే కొంత ఖర్చవుతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకు డ్రమ్ములు కాలి, వాటిని ఒరుసుకునే లైనింగు పట్టు వదిలేస్తుంది. మాటిమాటికీ పెడల్ తొక్కితే బ్రేకులకు గాలి ఇచ్చే ట్యాంకులో గాలి తగ్గిపోతుంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కంప్రెసర్ దాన్ని అంత త్వరగా నింపలేదు.

కాపలా లేని రైల్వే గేటు బోర్డుకూ అర్థం 'నెమ్మదిగా వెళ్లు' అనే అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి బండిని దాటించాలి. వాళ్లు లేకపోతే డ్రైవరే దిగాలి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొన్నది కాపలా లేని గేటు దగ్గరే. బ్రాడ్‌గేజ్ మీద ఇలాంటి గేట్లు తీసేశారు, సైడింగు లైన్ల (ఫ్యాక్టరీలకు, గోదాములకు వెళ్లే పక్క పట్టాల) మీద మాత్రం ఆగి చూసే అలవాటు తప్పనిసరి.

తెలిసీ పాటించకపోవడానికి పెద్ద కారణం అలవాటైన రూటు. రోజూ అదే దారి కాబట్టి కళ్లు బోర్డుల మీద ఆగవు, గుంతలూ స్టాపులూ గుర్తుండిపోతాయి. కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేసినా, డైవర్షన్ పెట్టినా అక్కడే దెబ్బతింటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. వంద మీటర్ల ముందున్న బోర్డు ఇచ్చే సమయం నాలుగున్నర సెకన్లే. స్పీడ్ గవర్నర్ (బండి గరిష్ఠ వేగం దాటకుండా ఆపే పరికరం) ఉందిగా అనుకోవద్దు, ఊళ్లో 30 స్పీడు బోర్డు దగ్గర అది ఏమీ చేయదు.

మీ దగ్గర డ్రైవర్లు పనిచేస్తుంటే పక్కన కూర్చుని, బోర్డు దాటిన 200 మీటర్ల తర్వాత "ఇప్పుడు దాటిన బోర్డు ఏది? ఏం చేశావు?" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. రాత్రి ట్రిప్పులోనూ ఒకసారి అడగండి. ఫ్లెక్సీల వెనక, కొమ్మల చాటున ఉన్న బోర్డులు, లైటు పడినా మెరవని బోర్డులు అప్పుడే బయటపడతాయి. అలాంటివి జాతీయ రహదారి మీద ఉంటే కిలోమీటరు రాయి నంబరుతో హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.