షుగర్ పడిపోతే కుక్కకి తెలుస్తుందా? మా మోతీకి తెలిసింది

ఐదేళ్ల బాబుకి టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, రోజూ బయటి నుంచి ఇచ్చుకోవాల్సిన షుగర్ జబ్బు) ఉందని, విదేశాల్లోలాగా షుగర్ పడిపోతే పసిగట్టే కుక్కని హైదరాబాద్‌లో పెంచుకోవచ్చా అని ఒక తల్లి అడిగారు. అమ్మా, మా మనవరాలికి నాలుగో ఏట ఇదే జబ్బు బయటపడింది. ఇప్పుడు దానికి ఆరేళ్లు. కొడుకూ కోడలూ పొద్దున్నే హైటెక్ సిటీకి ఉద్యోగాలకి వెళ్లిపోతే, తార్నాకలో ఆ పిల్లని చూసుకునేది నేనే. నా మాట ఇది: కుక్కని పెంచుకోండి. కానీ కుక్క ఉంది కదా అని, ఒంటికి అతికించుకుంటే షుగర్ ఎంతుందో ఫోన్‌లో చూపించే సెన్సర్ మానెయ్యకండి.

మా మోతీ మా సందులో పుట్టిన వీధి కుక్క. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు పిల్ల పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో బాగా ఆడింది. మధ్యాహ్నం పప్పన్నం సగమే తిని కూలర్ ముందు పడుకుంది. నేను పక్కనే పేపర్ చదువుకుంటున్నాను. మే నెలలో మోతీ కూలర్ దగ్గర తడి నేల వదిలి కదలదు. అలాంటిది లేచి వచ్చి పిల్ల అరచెయ్యి నాకడం మొదలుపెట్టింది. 'పో' అని కసిరాను. పోయినట్టే పోయి, తిరిగొచ్చి నా లుంగీ అంచు పట్టుకుని లాగింది.

ఫోన్‌లో చూస్తే సెన్సర్ 88 చూపిస్తోంది. షుగర్ ఎటు పోతోందో చూపించే బాణం కిందికే ఉంది, అయినా 70 పైనే ఉంది, అంకె బాగానే ఉంది కదా అనుకున్నాను. మోతీ ఊరుకోలేదు. అప్పుడు పిల్ల మెడ వెనక చెయ్యి పెట్టాను. కూలర్ గాలి నేరుగా తగులుతున్నా జుట్టు చెమటతో తడిసి ముద్దయింది. వేలికి సూది గుచ్చి స్ట్రిప్ మీద చూస్తే 57.

లేపి కూర్చోబెట్టాను. నిద్రమత్తులో ఉన్న పిల్ల నోట్లో ఏదీ పొయ్యకూడదు, పొలమారుతుంది. కళ్లు తెరిచి, "తాతా, నా కాళ్లు లేవు" అంది. డాక్టర్ చెప్పిన కొలతకి గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాను. తాగిన ఐదు నిమిషాలకి ఫోన్ అలారం కొట్టింది, షుగర్ 66 అని. పదిహేను నిమిషాలకి మళ్లీ గుచ్చి చూస్తే 83. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే ద్రవాన్ని. అందుకే అది ఐదు పది నిమిషాలు వెనకపడుతుంది. షుగర్ జారుతున్న వేగంలో ఆ పది నిమిషాలు చాలా ఎక్కువ.

మోతీ వాసన పట్టిందనే నా నమ్మకం. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు టైప్ 1 ఉన్న ఎనిమిది మంది మహిళల్లో షుగర్ తగ్గించి చూస్తే, ఊపిరిలో ఐసోప్రీన్ అనే రసాయనం పెరిగింది. కుక్కలు పట్టేది దాన్నే అని రుజువు కాలేదంటారు. నాకు మాత్రం అనుమానం లేదు.

అలాగని ఒట్టి నమ్మకం మీద ఉండలేదు. నెల తిరక్కముందే ఒకరోజు రాత్రి రెండు గంటలకి పిల్లకి 61 అయితే మోతీ గాఢనిద్రలో ఉంది. మమ్మల్ని లేపింది ఫోనే. బ్రిటన్‌లో 2008లో మొదలైన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే సంస్థ కుక్కలకి ఈ పని నేర్పింది. షుగర్ తగ్గినప్పుడు తీసిన చెమట, ఊపిరి నమూనాలతో నెలల తరబడి శిక్షణ ఇస్తారు. అంత నేర్చుకున్న కుక్కలు కూడా కొన్నిసార్లు పసిగట్టలేవు. కాబట్టి ఎవరైనా 'ట్రైనింగ్ అయిన ల్యాబ్రడార్' అని రెండు నెలల కుక్కపిల్లని అంటగట్టబోతే డబ్బులు ఇవ్వకండి. ఇంకోటి, ఐదేళ్ల పిల్లాడు కుక్కని చూసుకోలేడు. ఆ కుక్క చెప్పేది అర్థం చేసుకోవాల్సింది పెద్దవాళ్లే.

మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చే అకాడమీ మనకే ఉంది. బాంబుల వాసన నేర్పగలిగిన మనుషులు పసిపిల్లల చెమట వాసన నేర్పలేరా? ప్రభుత్వం తలుచుకోవాలి అంతే.

కుక్కని తెస్తే మీ అపార్ట్‌మెంట్‌లో గొడవ తప్పదు, ముందే సిద్ధంగా ఉండండి. మా కమిటీ వాళ్లు మోతీని లిఫ్ట్‌లో ఎక్కించొద్దన్నారు. నాలుగో అంతస్తు, నా మోకాళ్లు ఈ వయసులో. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్ట్ వాడకుండా ఆపకూడదని ఉంది. ఆ కాగితం ప్రింట్ తీయించి లిఫ్ట్ పక్కనే అంటించాను.

అసలు నాకు టెన్షన్ బడి దగ్గర. అక్కడికి మోతీ రాదు. పిల్ల కాళ్లు వణుకుతున్నాయని చెప్తే, క్లాసులో తినకూడదు, బెల్ కొట్టేదాకా ఆగమన్నారు ఒకసారి. నేను వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చుంది, మొహం పాలిపోయింది. ఆ రోజు ప్రిన్సిపాల్‌తో ఎంత మాట్లాడినా నాకు తృప్తి కలగలేదు. మర్నాడు ఆయమ్మతో మెట్ల మీద కూర్చుని అరగంట చెప్పాను. స్ట్రిప్ ఎలా పెట్టాలో, 70 కంటే తగ్గితే ఏం చెయ్యాలో నా వేలికే గుచ్చి చూపించాను. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, కానీ రెండోసారి చెప్పించుకోలేదు. గ్లూకోజ్ పొట్లం చీర కొంగున ముడేసుకుంది. ఇప్పుడు ఆటల పీరియడ్ అవ్వగానే పిల్లని దగ్గరికి పిలిచి, మెడ వెనక చెయ్యి పెట్టి చూసి పంపిస్తోంది.