పెట్టె మనకంటే ఒక రాత్రి వెనక: జపాన్‌లో హోటల్ నుంచి హోటల్‌కి సామాను పంపడం

విజయనగరం నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏప్రిల్ నెలాఖరులో అమ్మానాన్నలతో జపాన్ ప్రయాణం. టోక్యోలో 4 రాత్రులు, హకోనెలో 1, క్యోటోలో 3, ఒసాకాలో 1, పదో రోజు కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి తిరుగు విమానం. పెద్ద సూట్‌కేసులు మూడు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. సామాను ముందే హోటల్‌కి పంపించే సర్వీసు నమ్మొచ్చా, ఎంతవుతుంది, ఎలా చెయ్యాలి? బంధువుల ఇంటికి ఒక బొబ్బిలి వీణ కూడా తీసుకెళ్ళాలి.

నమ్మొచ్చండి, నిక్షేపంగా. 1976లో యమాటో కంపెనీ మొదలుపెట్టిన ఇంటింటి పార్సిల్ సర్వీసు ఇది. నల్ల పిల్లి బొమ్మ ఉన్న వ్యాన్లు వీళ్ళవే. తర్వాత సగావా, జపాన్ పోస్టు కూడా దిగాయి. మనం ఆర్టీసీ కార్గోలో హైదరాబాదుకి బియ్యం బస్తా వేసినట్టే అనుకోండి. కాకపోతే బస్టాండుకి వెళ్ళి తెచ్చుకునే పని లేదు, హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చిన పెట్టె మర్నాడు తర్వాతి హోటల్ రిసెప్షన్‌లో ఉంటుంది. ఇబ్బంది పడేవాళ్ళు డబ్బు దగ్గరో నమ్మకం దగ్గరో పడరు, తేదీల దగ్గర పడతారు. ఇవాళ పొద్దున్న ఇచ్చిన పెట్టె రేపు వస్తుంది. అంటే ప్రతిసారీ ఒక రాత్రి అది మీ దగ్గర ఉండదు. ఆ రాత్రి ఎక్కడ పడుతుందో చూసుకుని ప్లాను వేసుకోవాలి.

మీ ప్లానుకే పెట్టి చెబుతాను. మొదటి రోజు ఎయిర్‌పోర్టు నుంచి పంపకండి. ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఇచ్చినవి చాలావరకు మర్నాడే వస్తాయి. ప్రయాణం చేసి అలిసిన రోజే బట్టలు లేకుండా ఉండడం పెద్దవాళ్ళకి కష్టం. లిమోజిన్ బస్సు (ఎయిర్‌పోర్టు నుంచి హోటళ్ళకి తిరిగే బస్సు) ఎక్కితే పెట్టెలు కింద డిక్కీలో వాళ్ళే పెడతారు, పెద్ద హోటళ్ళ ముందే దింపుతారు.

అయిదో రోజు పొద్దున్న టోక్యో హోటల్లో మూడు పెట్టెలూ ఇచ్చేసి, అడ్రసు నేరుగా క్యోటో హోటల్‌ది రాయండి. హకోనెకి చేతిసంచులతోనే వెళ్ళండి. కొండ మీదకి వెళ్ళే ఆ చిన్న రైలు, తర్వాత బస్సు, వాటిలో 28 అంగుళాల పెట్టె పెట్టుకుని నిలబడడం నరకం. ఆరో రోజు సాయంత్రం మీరు క్యోటో చేరేసరికి పెట్టెలు అక్కడుంటాయి. చేరాల్సిన తేదీ కూడా మీరే రాయవచ్చు, పంపిన రోజు నుంచి వారం లోపల. వేళ కూడా ఎంచుకోవచ్చు: మధ్యాహ్నం లోపు, 2-4, 4-6, 6-8, 7-9. హోటల్‌కైతే 2-4 పెట్టడం మంచిది. చెక్-ఇన్ వేళకి వచ్చేస్తాయి, ఆలస్యమైనా రాత్రిలోగా అందుతాయి.

అసలు చిక్కు చివర్లో ఉంది. ఒసాకాలో మీది ఒక్క రాత్రే. తొమ్మిదో రోజు పొద్దున్న క్యోటోలో ఇచ్చిన పెట్టె ఒసాకా హోటల్‌కి పదో రోజు వస్తుంది, మీరు గది ఖాళీ చేసే రోజు. అది పనికిరాదు. నేరుగా ఎయిర్‌పోర్టుకి పంపాలంటే విమానానికి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి, అంటే ఎనిమిదో రోజు పొద్దున్న. అప్పుడు రెండు రాత్రులు పెట్టె ఉండదు. నేనైతే రెండు పెట్టెలు ఎనిమిదో రోజున కన్సాయ్‌కి పంపేసి, ఒకటి దగ్గరుంచుకోమంటాను. క్యోటో నుంచి ఒసాకా అరగంట రైలు ప్రయాణమే, ఒక్క పెట్టె మీరు లాక్కెళ్ళగలరు. ఒసాకాలో కొనేవన్నీ ఆ పెట్టెలోనే పట్టాలి కాబట్టి దాన్ని సగం ఖాళీగా ఉంచండి. ఎయిర్‌పోర్టుకి పంపేటప్పుడు స్లిప్పు మీద విమానం నంబరు, తేదీ, బయల్దేరే టైము, టెర్మినల్ రాయాలి. టెర్మినల్ తప్పు రాస్తే అక్కడికక్కడ పరుగులే. విమానం మరీ తెల్లవారుజామునో అర్ధరాత్రో అయితే కౌంటరు ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో ముందే చూసుకోండి. పెట్టె కౌంటరు వెనక ఉండి షట్టరు వేసి ఉంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇంకొకటి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అక్కడ గోల్డెన్ వీక్ సెలవులు. మన వేసవి సెలవులూ వాళ్ళ రద్దీ ఒకేసారి పడతాయి. ఆ వారంలో మర్నాటికి వస్తుందన్న లెక్కకి ఒక రోజు కలపండి. టోక్యోలో అయిదో రోజు పొద్దున్న ఇవ్వాల్సిన పెట్టెల్ని నాలుగో రోజే ఇచ్చెయ్యండి. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి ఇదే మాట మంచు వల్ల వర్తిస్తుంది.

ఇప్పుడు కొలతలు. చార్జీకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపిన సెంటీమీటర్ల లెక్క, బరువు లెక్క రెండూ చూస్తారు. ఏది ఎక్కువ తరగతిలో పడితే దాని చార్జీ. యమాటోలో 140 సెంటీమీటర్ల సైజుకి 20 కిలోల వరకు, 160కి 25, 180కీ 200కీ 30. మన 28 అంగుళాల పెట్టె, విమానంవాళ్ళు ఒప్పుకునే 158 సెంటీమీటర్లది, సరిగ్గా 160లో పడుతుంది. చక్రాలు, పక్క పిడి కూడా లెక్కలోకి వస్తాయి. టైలరు టేపుతో ఇంట్లోనే కొలవండి. కొన్ని కంపెనీల 29, 30 అంగుళాల పెట్టెలు 165 దాటిపోయి 180 చార్జీకి వెళ్తాయి. అలాగే విమానంలో ఒక్కో పెట్టె 28 కిలోలు ఒప్పుకున్నారు కదా అని నింపితే, సైజు 160 అయినా బరువు మూలంగా 180 చార్జీ పడుతుంది. 30 దాటితే తీసుకోరు. టోక్యో నుంచి క్యోటోకి ఇలాంటి పెట్టె ఒక్కోదానికి సుమారు 2,000 నుంచి 3,500 యెన్ల మధ్య అవుతుంది, మన లెక్కలో సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. రిసెప్షన్‌లో నగదుగా ఇవ్వొచ్చు, కొన్నిచోట్ల గది బిల్లులో కలుపుతారు. పంపేవాళ్ళు కట్టడాన్ని మోతోబరై అంటారు, అందుకున్నవాళ్ళు కట్టడం చాకుబరై. హోటల్‌కి పంపేటప్పుడు మోతోబరై స్లిప్పే అడగండి. రెండోది వేస్తే అవతలి హోటల్ పెట్టె తీసుకోకపోవచ్చు.

దుబారా అనిపిస్తే ఇదీ చూడండి. టోక్యో-క్యోటో షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైల్లో) మూడు కొలతలూ కలిపి 160 దాటిన పెట్టె ఉంటే, దానికి చోటున్న వెనక వరస సీటే రిజర్వు చేసుకోవాలి. చెయ్యకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టించుకుంటారు. పైన అరలో పెట్టడానికి నాన్నగారు చెయ్యి వేస్తారన్న భయం సరేసరి.

స్లిప్పు రాయడం దగ్గర మనవాళ్ళు చేసే తప్పు ఒకటే, అదీ పేరు దగ్గర. గది బుక్ చేసింది అబ్బాయి, స్లిప్పు మీద రాసింది అమ్మ పేరు. పెట్టె ముందే చేరుతుంది కదా, రిసెప్షన్‌లో ఆ పేరున బుకింగ్ వెతికితే కనపడదు, తీసుకోవాలో వద్దో వాళ్ళకి తెలియదు. దీనికి తోడు మన ఇంటిపేర్ల గొడవ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, బుకింగ్ సైటులో మరో గడిలో, కొందరికి ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. బుకింగ్ కన్ఫర్మేషన్‌లో ఎలా ఉందో అదే వరసలో, అవే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. అందుకునేవాళ్ళ గడిలో హోటల్ పేరు, అడ్రసు, హోటల్ ఫోను నంబరు, కింద మీ పేరు, చెక్-ఇన్ తేదీ. పంపేవాళ్ళ గడిలో మీరు ఖాళీ చేస్తున్న హోటల్ వివరాలు, మీ పేరు. లోపల ఏముంది అన్నచోట బట్టలు అని రాస్తే చాలు. జపనీస్‌లో అడ్రసు కావాలంటే హోటల్ వెబ్‌సైటు పేజీని ఫోనులో చూపించండి, చాలా హోటళ్ళలో రిసెప్షన్‌వాళ్ళే రాసిపెడతారు. ముందురోజు రాత్రే అడిగి స్లిప్పులు తెచ్చుకుంటే పొద్దున్న హడావిడి ఉండదు. వ్యాను ఎన్నింటికి వస్తుందో కూడా అప్పుడే అడగండి. ఆ వేళ దాటాక ఇస్తే ఒక రోజు పోయినట్టే.

స్లిప్పులో మీకిచ్చే కాపీ మీద, పెట్టె ఎక్కడుందో చూసుకునే 12 అంకెల నంబరు ఉంటుంది, ఫోటో తీసుకోండి. పెట్టెకి ఫోటో, పాత గీతలు కనపడేలా మరో ఫోటో. యమాటో ఒక్కో పెట్టెకి 3 లక్షల యెన్ల వరకే బాధ్యత తీసుకుంటుంది. దెబ్బ తగిలి ఉంటే గదికి తీసుకెళ్ళకముందే రిసెప్షన్‌లో చూపించండి.

అద్దె ఇళ్ళలో దిగితే కథ వేరు. తలుపు తీసేవాళ్ళు లేకపోతే డ్రైవరు చీటీ అంటించి పెట్టె వెనక్కి తీసుకుపోతాడు, మళ్ళీ ఫోను చేసి పిలవాలి. ఇంటివాళ్ళు ముందే ఒప్పుకుంటే తప్ప అక్కడికి పంపకండి. పంపడానికి రిసెప్షన్ లేకపోతే సెవెన్-ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్ షాపుల్లో యమాటోకి ఇవ్వొచ్చు, లాసన్‌లో జపాన్ పోస్టుకి. పోస్టువాళ్ళ హద్దు 170 సెంటీమీటర్లు, 25 కిలోలు. చిన్న షాపుల్లో పెద్ద పెట్టెలు మూడు తీసుకోమంటే చోటు లేదనవచ్చు. కంపెనీ సొంత ఆఫీసు దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్ళండి.

చేతిసంచిలో ఉండాల్సినవి: పాస్‌పోర్టులు, డబ్బు, కార్డులు, నగలు. ఇవి పెట్టెలో వెయ్యడానికి వీల్లేదు. బీపీ, షుగరు మాత్రలు మొత్తం, ఆ రాత్రికి సరిపడా మాత్రమే అనుకోకండి. మోకాలి బెల్టు, ఒక జత బట్టలు, పవర్ బ్యాంకు, ఛార్జరు. అందరూ మర్చిపోయేది ఛార్జరే. అక్కడ సాకెట్లకి రెండు చప్పటి పిన్నులు, కరెంటు 100 వోల్టులు. అమ్మగారు చిన్న రైస్ కుక్కరు పెట్టబోతే ఆపండి. మన 230 వోల్టుల కుక్కరు అక్కడ అయిదో వంతు వేడి కూడా ఇవ్వదు, బియ్యం నానతాయి తప్ప ఉడకవు.

ఆవకాయ సీసా ఉంటే మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి, బట్టల నడుమ నిలబెట్టండి. వ్యానులో పెట్టె పడుకోబెట్టవచ్చు. నూనె కారి పక్కవాళ్ళ పెట్టెకి అంటితే ఆ తగాదా మనదే. చికెన్, మటన్ పచ్చళ్ళు జపాన్‌లోకి అసలు తేకూడదు. పచ్చి మామిడికాయలు, కరివేపాకు రెమ్మలు కూడా వదిలెయ్యండి. పలాస జీడిపప్పుకి భయం లేదు.

మూడు పెట్టెల్లో ఒకటి విజయనగరం నుంచే కొరియర్లో పంపేద్దామని కొందరు సలహా ఇస్తారు. పది రోజుల ప్రయాణానికి అది దండగ. అంతర్జాతీయ కొరియర్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించిన బరువుకి చార్జీ వేస్తాయి. 75, 50, 30 సెంటీమీటర్ల పెట్టెలో దిండ్లు పెట్టినా 22.5 కిలోల కిందే లెక్క. విమానంవాళ్ళ దగ్గర ముందుగా అదనపు కిలోలు కొనుక్కోవడం చాలాసార్లు చవక. పైగా విడిగా వచ్చే సామానుకి, జపాన్‌లో దిగిన రోజే కస్టమ్స్‌లో డిక్లరేషన్ ఫారం రెండు కాపీలు ఇచ్చి ఒకదాని మీద ముద్ర వేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే మీ సొంత బట్టల్ని కూడా మామూలు దిగుమతి కిందే చూస్తారు.

ఇక వీణ. గొల్లపల్లిలో చేసే చిన్న బహుమతి వీణ అయితే పెట్టెలో కూడా వద్దు, చేతిసామానులోనే పట్టుకెళ్ళండి. పెద్ద వీణ అయితే ఈ సర్వీసు కుదరదు. నాలుగడుగులు దాటిన వాయిద్యం, దాని గట్టి పెట్టె, మూడు కొలతలూ కలిపితే 200 సెంటీమీటర్ల హద్దు దాటిపోతుంది. టికెట్ కొన్నప్పుడే విమానంవాళ్ళతో మాట్లాడి వాయిద్యంగా రాయించుకోవాలి, తీగలు వదులు చెయ్యాలి. మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి కాబట్టి ఏప్రిల్ ఎండలో కారు డిక్కీలో గంటల తరబడి ఉంచితే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. వైజాగ్ దాకా ఏసీ ఉన్న కారులో, వెనక సీటు మీద పెట్టి తీసుకెళ్ళండి.